ఇంటి బేస్‌మెంట్‌లో తేమ చేరితే ఏమవుతుంది? నల్లరేగడి నేలలో ఇల్లు కట్టేవారు తెలుసుకోవాల్సినవి

హైదరాబాద్‌లో బేస్‌మెంట్ అంటే కార్లు పెట్టుకునే సెల్లార్. నారాయణఖేడ్‌లో ఇల్లు కట్టుకునేవారికి మాత్రం పునాది మీద లేపి, లోపల మొరం నింపి, పైన గోడలు మొదలుపెట్టే అరుగు లాంటి భాగమే బేస్‌మెంట్. ఇందిరమ్మ ఇళ్ల పథకంలోనూ ఇదే అర్థం. 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఈ పథకంలో రూ.5 లక్షల సాయం విడతలుగా అందుతుంది. బేస్‌మెంట్ పూర్తయితే మొదటి విడతగా రూ.లక్ష వస్తుంది.

సిబ్బంది వచ్చి ఫొటో తీసి యాప్‌లో నమోదు చేస్తారు. కానీ లోపల మొరం నింపారా, తవ్విన నల్లమట్టే మళ్లీ పోశారా అన్నది ఫొటోలో కనిపించదు. దాని ఫలితం అనుభవించాల్సింది ఆ ఇంట్లో ఉండే మీరే.

నల్లరేగడితో ఇబ్బంది ఏమిటి?

నారాయణఖేడ్ చుట్టుపక్కల నల్లరేగడి భూములు ఎక్కువ. పత్తికి మంచి నేలే కానీ, ఇంటికి కాదు. నీళ్లు తగిలితే ఈ మట్టి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఎండాకాలంలో చేలు నెర్రెలు విచ్చేది అందుకే. ఇంటి కింద కూడా ఇదే జరుగుతుంది. ఒక మూల స్నానాల గది నీళ్లు ఇంకుతూ, మరో మూల పొడిగా ఉంటే పునాది ఒకవైపు లేస్తుంది, మరోవైపు కుంగుతుంది. తలుపులు పట్టేయడం, కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు రావడం దాని గుర్తులు.

గోడలోకి తేమ ఎలా ఎక్కుతుంది?

దీపంలో వత్తి నూనెను పీల్చుకున్నట్టు ఇటుక, సిమెంటు నేలలోని నీటిని పైకి లాగుతాయి. నీటితోపాటు లవణాలూ వస్తాయి. నీరు ఆరిపోయాక అవి గోడ మీద తెల్లటి పొడిలా మిగులుతాయి. ఆ తర్వాత రంగు పొంగి, ప్లాస్టరింగ్ పెచ్చులుగా రాలుతుంది. చెమ్మ ఉన్నచోట చెదలూ చేరతాయి. గోడకు ఆనించిన కందులు, జొన్నల బస్తాలు బూజు పడతాయి. తేమ, బూజు ఉన్న ఇళ్లలో ఉబ్బసం, శ్వాస సమస్యలు పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాల్లో హెచ్చరించింది.

కట్టేటప్పుడే ఏం చేయాలి?

* చుట్టూ ఉన్న నేల కంటే బేస్‌మెంట్ కనీసం 45 సెంటీమీటర్లు, అంటే అడుగున్నర ఎత్తు ఉండాలి. వీధిలో సీసీ రోడ్డు ఇంకా పడకపోతే, అది పడ్డాక వీధి ఎంత ఎత్తు అవుతుందో కనుక్కొని లెక్క వేసుకోండి. రోడ్డు కంటే కిందికి ఉన్న ఇంట్లోకి ప్రతి వానకూ నీళ్లొస్తాయి.
* లోపల నల్లమట్టి వద్దు. మొరం పోయించండి. ఒకేసారి నింపకుండా ఆరేడు అంగుళాల పొరలుగా వేసి, నీళ్లు చల్లి, గట్టిగా దిమ్మిస కొట్టించాలి.
* గోడ లేపేముందు తేమను ఆపే పొర వేయించండి. మేస్త్రీలు దీన్నే డీపీసీ అంటారు. వాటర్‌ప్రూఫ్ మిశ్రమం కలిపిన కాంక్రీట్‌ను ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల మందంతో గోడ వెడల్పంతా వేస్తారు. వత్తిని మధ్యలో తెంపినట్టు ఇది చెమ్మను అక్కడే ఆపుతుంది. తర్వాత వేయడం చాలా కష్టం, ఖర్చూ ఎక్కువ.
* ఇంటి చుట్టూ రెండున్నర అడుగుల వెడల్పున, బయటికి వాలుగా కాంక్రీట్ వేయించండి. ఇంకుడు గుంత, సెప్టిక్ ట్యాంకు గోడకు కనీసం పది అడుగుల దూరంలో ఉండాలి. స్థలం ఉంటే ఇంకా దూరం మంచిది.

క్యూరింగ్‌కు నీళ్లు పడతాం కదా, అది తేమ కాదా?

కాదు. కాంక్రీట్ గట్టిపడటానికి ఆ నీరు అవసరం. మొదటి వారం పది రోజులు తప్పకుండా పట్టాలి. అయితే గోడలు బాగా ఆరాకే లప్పం, రంగు వేయండి. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని తడి గోడకు రంగు కొడితే అది నిలవదు.

ఇప్పటికే చెమ్మ ఉంటే?

ముందు నీరు ఎక్కడినుంచి వస్తోందో చూడండి. ఒక ప్లాస్టిక్ కవరును గోడకు నాలుగువైపులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. కవరు లోపలివైపు నీటి బిందువులు కనిపిస్తే తేమ గోడలోంచే వస్తోంది. బయటివైపు ఉంటే అది గదిలోని గాలి తేమ. అప్పుడు కిటికీలు తెరిచి గాలి ఆడేలా చూస్తే చాలావరకు తగ్గుతుంది.

గోడలోంచి వస్తుంటే పైన సిమెంటు పూత, టైల్స్ వేసి కప్పకండి. దారి మూసుకుపోయిన తేమ ఇంకా పైకి ఎక్కుతుంది. పైపు లీకేజీ సరిచేయండి. ఇంటి చూరు నీళ్లు గోడ పక్కనే పడకుండా పైపు పెట్టండి. గోడను ఆనుకొని మొక్కలకు నీళ్లు పోయడం ఆపండి. పగుళ్లు పెరుగుతుంటే మేస్త్రీతో సరిపెట్టుకోకుండా ఇంజినీర్‌కు చూపించండి.

వీధి కాల్వ పొంగి నీళ్లు ఇంటికి వస్తుంటే పట్టణంలో మున్సిపాలిటీకి, గ్రామంలో పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. పని జరగకపోతే సోమవారం ప్రజావాణిలో ఆ రసీదుతో అర్జీ పెట్టుకోవచ్చు. ఫొటోలు వాన పడుతున్నప్పుడే తీసి పెట్టుకోండి. ఎండ కాశాక చూడటానికి వచ్చినవారికి పొడి కాల్వే కనిపిస్తుంది.