ఢాకా నుంచి వెళ్లిన టెలిగ్రామ్

1971 యుద్ధం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఘాజీ సినిమానే. నాకూ అంతే. పోయిన సెలవుల్లో వైజాగ్ బీచ్ రోడ్డులో, ఆ యుద్ధ విజయానికి గుర్తుగా కట్టిన స్మారకం దగ్గర ఫ్రెండ్స్‌తో ఫొటోలు దిగుతుంటే ఒక డౌట్ వచ్చింది. ఆ డిసెంబర్‌లోనే అమెరికా కూడా ఎంటర్‌ప్రైజ్ అనే విమాన వాహక నౌకని బంగాళాఖాతంలోకి పంపిందని ఎక్కడో చదివాను. మధ్యలో అమెరికాకి ఏం పని?

హాస్టల్‌కి తిరిగొచ్చాక చదవడం మొదలుపెడితే, కథ తొమ్మిది నెలలు వెనక్కి వెళ్లింది.

ఇప్పటి బంగ్లాదేశ్ అప్పుడు తూర్పు పాకిస్తాన్. 1970 డిసెంబర్ ఎన్నికల్లో ముజీబుర్ రెహమాన్ నడిపిన అవామీ లీగ్ అక్కడి 162 సీట్లలో 160 గెలిచింది. అంటే మొత్తం పాకిస్తాన్‌లోనే మెజారిటీ. కానీ సైనిక పాలకుడు యాహ్యా ఖాన్ అధికారం అప్పగించలేదు. 1971 మార్చి 25 రాత్రి ఢాకా మీదికి సైన్యాన్ని వదిలాడు. ఆ రాత్రి దాడి జరిగిన చోట్లలో ఢాకా యూనివర్సిటీ ఒకటి. అందులో జగన్నాథ్ హాల్ అంటే హిందూ విద్యార్థుల హాస్టల్. ఇది చదివేటప్పుడు నేను కూడా హాస్టల్ రూమ్‌లోనే, మంచం మీద పడుకుని ఉన్నాను. కాసేపు ముందుకి చదవబుద్ధి కాలేదు.

అప్పుడు ఢాకాలో అమెరికా కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్. కళ్లారా చూసింది చూసినట్టు వాషింగ్టన్‌కి రాశాడు. మార్చి 28 టెలిగ్రామ్‌లో జాతిహననం అనే మాటే వాడాడు. పైనుంచి కదలిక లేదు. ఏప్రిల్ 6న ఢాకాలో పనిచేస్తున్న 20 మంది అమెరికన్లు సంతకాలు చేసి ఇంకో టెలిగ్రామ్ పంపారు. సారాంశం ఒక్కటే: మన ప్రభుత్వ విధానాన్ని మేం ఒప్పుకోం. బ్లడ్ దాన్ని ఆపలేదు సరికదా, సమర్థిస్తూ తన మాట కూడా జతచేశాడు.

మరి అధ్యక్షుడు నిక్సన్‌కి విషయం అర్థం కాలేదా? అయింది. అసలు సంగతి ఇక్కడే ఉంది. అప్పట్లో అమెరికాకి కమ్యూనిస్టు చైనాతో దౌత్య సంబంధాల్లేవు. రెండు దేశాల మధ్య గుట్టుగా కబుర్లు చేరవేస్తున్నది యాహ్యా ఖానే. ఆ జూలైలో కిసింజర్ పాకిస్తాన్ వచ్చి, ఒంట్లో బాగోలేదని చెప్పించి, అక్కణ్ణుంచి రహస్యంగా బీజింగ్ వెళ్లొచ్చాడు. అందుకే అంతకుముందే, యాహ్యాని ఇప్పుడు ఇబ్బంది పెట్టొద్దని నిక్సన్ స్వయంగా తన చేత్తో రాసిచ్చాడు. డిసెంబర్‌లో ఎంటర్‌ప్రైజ్ వచ్చిందీ ఈ లెక్కలోనే. ఇటు ఇండియాని బెదిరించాలి, అటు మేం స్నేహితుణ్ణి వదిలేయమని చైనాకి చూపించాలి.

ఈలోగా దాదాపు కోటి మంది సరిహద్దు దాటి ఇండియాకి వచ్చేశారు. ఎంతమంది చనిపోయారు అంటే బంగ్లాదేశ్ 30 లక్షలు అంటుంది. పాకిస్తాన్ వేసిన విచారణ కమిషన్ సుమారు 26 వేలు అని రాసింది. శవాల లెక్క కూడా చెప్పే ప్రభుత్వాన్ని బట్టి మారిపోతుందన్నమాట. మన ప్రభుత్వం కూడా కేవలం జాలితోనే యుద్ధంలోకి దిగిందనుకోలేం. శరణార్థుల భారం ఉంది, పాకిస్తాన్‌ని దెబ్బతీసే అవకాశమూ ఉంది.

బ్లడ్‌ని కొన్ని నెలల్లోనే ఢాకా నుంచి వెనక్కి పిలిపించేశారు. అదే ఏడాది ధైర్యంగా అసమ్మతి చెప్పినందుకు ఆయనకి ఒక అవార్డు వచ్చింది. 2004లో చనిపోయాడు. మరుసటి ఏడాది ఢాకాలోని అమెరికన్ సెంటర్ లైబ్రరీకి ఆయన పేరు పెట్టారు.

ఆ టెలిగ్రామ్ ఒక్క తూటానీ ఆపలేదు. నిజమే. కానీ అది ఫైల్లో ఉండబట్టే, "మాకు తెలీదు" అనే మాట వాళ్లు ఎప్పటికీ అనలేరు. ఇదివరకు ఎక్కడో యుద్ధం వార్త చూస్తే, పెద్ద దేశాలకి ఇదంతా కనపడట్లేదా అనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోవట్లేదు. కనపడుతూనే ఉంటుంది. నోరు మూసుకున్నందుకు బదులుగా వాళ్లకి ఏం దక్కుతోందో వెతకడం మొదలుపెట్టాను. మీరూ వెతికి చూడండి.