వాన లెక్క రాసే పెట్టెకు కరెంటు ఎక్కడిది?



2020 అక్టోబరు 13 రాత్రి మీకు గుర్తుండే ఉంటుంది. మన అల్మాస్‌గూడ పక్కన మీర్‌పేటలో, అటు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. బియ్యం తడిసినయి. పిల్లల పుస్తకాలు తడిసినయి. ఆ వానకు ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు పడిందని పేపర్లో రాశారు.

32 సెంటీమీటర్లంటే ఎంత? మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న చోట 320 లీటర్ల నీళ్ళు. అంటే ఇరవై బిందెల పైనే. మీ ఇంటి డాబా ఎన్ని మీటర్లుందో లెక్క వేసుకోండి.

"అంత రాత్రి, అంత వానల ఎవరు కొలిచిండ్రు టీచరమ్మా?" అని మన తరగతిలో ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్న. మనిషి ఎవరూ నిలబడి కొలవలేదు. పెట్టె కొలిచింది.

మన రాష్ట్రంలో అభివృద్ధి ప్రణాళికా సంఘం వారు మండలాల్లో ఇలాంటి వాతావరణ కేంద్రాలు పెట్టించారు. చుట్టూ ఇనుప కంచె. మధ్యలో ఒక స్తంభం. స్తంభానికి నల్లటి సోలార్ పలక, ఒక తెల్ల పెట్టె. పక్కన గరాటు ఉన్న డబ్బా. గరాటు కింద రెండు చిన్న గిన్నెలు తక్కెడలాగా ఉంటాయి. ఒక గిన్నె నిండగానే బరువుకు ఒరిగి నీళ్ళు పారబోస్తుంది. రెండోది పైకి వస్తుంది. ఒక్కో ఒరుగుకు ఒక్కో లెక్క. ఎన్నిసార్లు ఒరిగిందో తెల్ల పెట్టె రాసుకుంటుంది. ఆ పెట్టెను డేటా లాగర్ అంటారు. మనం పాల లెక్క కేలండర్ మీద గీసుకోమా? అలాంటిదే.

వేడి ఎంత, గాలిలో తేమ ఎంత, గాలి ఎటు వీస్తోంది అని చూసే పరికరాలు కూడా ఉంటాయి. వీటిని సెన్సర్లు అంటారు. చెరువు గట్టున పెట్టేవి నీటి మట్టం కూడా చూస్తాయి.

"మరి గా పెట్టెకు కరెంటు యాడికెళ్లి వస్తది? వాన పడితే మన బస్తీల కరెంటే ఉండదు గదా!" అని ఇంకో అక్క అడిగింది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. పెట్టెలో 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. పగలు సోలార్ పలక దాన్ని నింపుతుంది. కానీ ముసురు పట్టిందంటే నాలుగు రోజులు ఎండ ఉండదు. బ్యాటరీలో ఉన్నదే సర్దుకోవాలి. లెక్క ఎక్కువ అవసరమైనదీ ఆ రోజుల్లోనే. అప్పుడు బ్యాటరీ అయిపోతే పెట్టె గుడ్డిదవుతుంది.

అందుకని సెన్సర్లకు కరెంటు పొద్దంతా ఇవ్వరు. లాగర్ దగ్గర ఔట్‌పుట్ అనే భాగం ఉంటుంది. మన వీధికి నీళ్ళు వదిలే వాల్వు లాంటిది అది. టైముకు వాల్వు తిప్పుతారు, టైముకు కట్టేస్తారు. అట్లాగే లాగర్ ఔట్‌పుట్ తెరిచి సెన్సర్‌కు కరెంటు వదులుతుంది. కొన్ని క్షణాలు ఆగుతుంది. కొలత రాసుకుంటుంది. కట్టేస్తుంది.

ఎందుకు ఆగాలి? నల్లా రాగానే మొదటి నీళ్ళు మట్టిగా వస్తాయి కదా. కాసేపు వదిలేసి తర్వాత బిందె పెడతాం. సెన్సర్ కూడా కరెంటు రాగానే సరైన అంకె చెప్పలేదు. కుదురుకోవాలి. ఆగకుండా రాసుకుంటే తప్పు లెక్క వస్తుంది.

ఎంత మిగులుతుందో చూద్దాం. ఒక సెన్సర్‌ను గంటకు 4 సార్లు, ఒక్కోసారి ఒక నిమిషం నడిపించాం అనుకోండి. రోజుకు 96 నిమిషాలు. అంటే గంటా 36 నిమిషాలు. 24 గంటలూ నడిపిస్తే అయ్యే ఖర్చులో ఇది 15వ వంతు. బ్యాటరీలో ఆ సెన్సర్‌కు ఒక్క రోజుకు చాలే కరెంటు 15 రోజులు వస్తుంది.

వాన గిన్నెల సంగతి వేరు. వాన చెప్పి రాదు కాబట్టి ఆ లెక్క ఎప్పుడూ సాగాల్సిందే. కానీ దానికి ఖర్చు దాదాపు ఉండదు. గిన్నె ఒరిగినప్పుడు దానికున్న అయస్కాంతం ఒక చిన్న స్విచ్చిని తాకకుండానే కలుపుతుంది. అంతే.

ఇంకొక చిక్కు ఉంది. కొన్ని సెన్సర్లకు ఎక్కువ కరెంటు కావాలి. లాగర్ ఔట్‌పుట్ అంత మోయలేదు. బలవంతంగా తగిలిస్తే ఔట్‌పుట్ కాలిపోవచ్చు. అప్పుడు మధ్యలో రిలే పెడతారు. మీ బోరు మోటారు స్టార్టరు గుర్తు తెచ్చుకోండి. మీరు నొక్కేది చిన్న బటనే. మోటారుకు పోయే పెద్ద కరెంటు మీ బటన్ గుండా పోదు. లోపల ఉన్న పెద్ద స్విచ్చి దాన్ని కలుపుతుంది. రిలే పనీ అదే. లాగర్ సైగ చేస్తుంది, రిలే బ్యాటరీ నుంచి నేరుగా సెన్సర్‌కు కరెంటు కలుపుతుంది. (చూద్దామని స్టార్టరు మూత మాత్రం తీయకండి.)

వోల్టులూ సరిపోవాలి. 5 వోల్టుల సెన్సర్‌కు 12 వోల్టులు నేరుగా ఇస్తే పాడవుతుంది. మధ్యలో తగ్గించే పరికరం ఉండాలి.

నేను ఒక ఊళ్ళో చూసిన కేంద్రంలో వీటిలో ఏ లోపమూ లేదు. సోలార్ పలక మీద వేపచెట్టు కొమ్మ నీడ పడుతోంది. కంచె మీద ఎవరో చీర కూడా ఆరేశారు. గరాటులో ఆకులు. గరాటు మూసుకుపోతే ఎంత వాన పడినా గిన్నె ఒరగదు, పెట్టె సున్నా అనే రాసుకుంటుంది. మీ దగ్గర ఇలాంటి కేంద్రం ఉంటే పోయి చూడండి. ముట్టుకోవద్దు. కొమ్మ అడ్డం ఉందా, ఆకులు పడ్డాయా చూసి, ఆ ఆఫీసు వాళ్ళకు ఒక అర్జీ రాయండి. తేదీ వేసి, కింద మీ సంతకం పెట్టండి. ఇప్పుడు మీకు సంతకం వచ్చు కదా.