బండికి లైటు వెలుగుద్ది, మనిషికి వెలగదు

చల్లపల్లి సెంటర్లో పొద్దున్నే ఒక గంట నిలబడండి. 216 హైవే మీద మచిలీపట్నం వైపు నుంచి వచ్చేవి, మోపిదేవి దాటి పులిగడ్డ వంతెన ఎక్కడానికి పోయేవి, సగం కొత్త పికప్పులే. ముందు నిమ్మకాయల దండ, అద్దానికి ఇంకా ఆరని పసుపు కుంకుమ. స్టీరింగ్ వెనక పాతికేళ్ళ కుర్రోడు. డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు. నాన్న కౌలు సేద్యం చూసి చూసి విసిగిపోయాడు. అమ్మ మెళ్ళో గొలుసు బ్యాంకులో పెట్టి డౌన్ పేమెంట్ కట్టాడు, మిగతాది ఫైనాన్స్. ఊళ్ళో వాణ్ణి ఓనర్ అంటారు.

బండి కొనేటప్పుడు వాయిదా సంగతి అరగంట చెబుతారు. ఆ బండి ఎట్టా బతుకుద్దో ఐదు నిమిషాలు చెప్పేవాడు ఉండడు. ఇచ్చే పుస్తకం ఇంగ్లీషులో ఉంటది, అది సీటు కిందకి పోద్ది. నేను ఇంజనీర్ని కాదు. చదివింది తక్కువ, అడిగి తెలుసుకున్నది ఎక్కువ. మనోళ్ళ బళ్ళల్లో పక్క సీట్లో కూర్చుని హైదరాబాద్ దాకా పోయొచ్చాను. ఆటోనగర్లో మెకానిక్కుల దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆ పుస్తకాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. దూరం తిరిగే తమ్ముళ్ళకి పనికొచ్చే సంగతులు కొన్ని చెబుతాను.

ఇది నాన్న నడిపిన బండి కాదు

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అమ్మే బళ్ళన్నీ బీఎస్-6. అంతకుముందు బీఎస్-4 ఉండేది, మధ్యలో 5 లేకుండా ఒకేసారి 6కి దూకారు. బంకులో డీజిల్ కూడా మారింది. గంధకం పది లక్షల పాళ్ళలో 50 ఉండేది, 10కి దిగింది. డీజిల్ కార్ల లెక్క చూస్తే, కిలోమీటరుకి వదలొచ్చే మసి 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కి తగ్గింది. ఇంత మసి ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. బండి లోపలే ఆగుతుంది.

సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అని ఒక జల్లెడ ఉంటది. తేనెపట్టు లాగా సన్నటి గదులు. పొగ దాంట్లోంచి పోయేటప్పుడు మసి అక్కడ పట్టుకుంటది. పట్టుకుంటా పోతే జల్లెడ పూడిపోద్ది కదా? అందుకని బండే అప్పుడప్పుడు ఆ మసిని కాల్చుకుంటది. కాలాలంటే సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. మన బాణలిలో నూనె కాగే వేడికి మూడింతలు. అంత వేడి రావాలంటే బండి ఆగకుండా, కాస్త వేగంగా, పదిహేను ఇరవై నిమిషాలు పోవాలి.

మనోళ్ళకి అర్థంకానిది ఇక్కడే ఉంది. "హైదరాబాద్ పోయొస్తే ఏం కాలేదన్నా, ఊళ్ళో తిరుగుతుంటే లైటు వెలిగింది" అంటారు. అదే దాని లెక్క. చెరువు గట్టు నుంచి ఐస్ ఫ్యాక్టరీకి, చేలోంచి మిల్లుకి, రెండు కిలోమీటర్లు పోయి ఆపడం, మళ్ళీ తీయడం, ఏసీ వేసుకుని బండి ఆన్‌లో పెట్టి గంటలు గంటలు లోడు కోసం కాయడం - ఇవన్నీ మసి నింపే పనులు. దూరప్రయాణం ఆ మసిని కాల్చే పని. నెలంతా డొంకల్లోనే తిరిగే బండిని వారానికొకసారన్నా హైవే ఎక్కించి ఓ అరగంట ఒకే వేగంతో నడపండి.

డీపీఎఫ్ లైటు వెలిగిందంటే బండి చెడిపోయిందని కాదు, "నన్ను కాస్త పరిగెత్తించు" అంటున్నదని. పసుపు రంగులో ఉన్నప్పుడే వినాలి. వినకపోతే బండి తన బలం తానే తగ్గించుకుంటది, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా పాకుతుంది. అప్పుడిక సర్వీస్ సెంటర్‌కే. మసి కాలుతుండగా మాటిమాటికీ ఇంజిన్ కట్టేస్తే డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్లో కలుస్తది కూడా. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరిగినట్టు కనపడితే సంతోషించకండి, చూపించండి. ఆయిల్ కూడా పుస్తకంలో రాసిన రకమే పోయాలి. చవగ్గా దొరికిందని పాత బండి ఆయిల్ పోస్తే, దాని బూడిద జల్లెడలో ఉండిపోద్ది. మసి కాలుతుంది, బూడిద కాలదు.

ఇంకోటి, మన డెల్టాకి ముఖ్యమైనది. మసి కాలేటప్పుడు బండి కింద భాగం నిప్పులాగా ఉంటది. ఆ వేడి మీద తీసుకెళ్ళి ఎండు వరిగడ్డి మీద, కోసిన చేలో, వామి పక్కన ఆపొద్దు. గడ్డి లోడు వేసే వాళ్ళు మరీ జాగ్రత్త.

"పీకేస్తే పీడా పోద్ది" అనేవాళ్ళు

లైటు రెండుసార్లు వెలిగితే చాలు, ఎవడో ఒకడు తగులుకుంటాడు. జల్లెడ కోసి పారేద్దాం, కంప్యూటర్లో సెట్టింగ్ మార్చేద్దాం, మైలేజీ పెరుగుద్ది అంటాడు. వారంటీ పోద్ది. అమ్మిన రూపం మార్చకూడదన్న చట్టం ఉంది. అవి అటుంచండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే డీజిల్ పొగని క్యాన్సర్ తెచ్చే వాటిలో మొదటి జాబితాలో చేర్చింది. ఆ పొగ పీల్చేది ఎవరు? యార్డులో బండి వెనక నిలబడి బస్తాలు దించే హమాలీ. టోల్ గేటు దగ్గర అమ్ముకునే ఆడమనిషి. బండి కిందే పడుకునే నువ్వు. ఏసీ కారులో అద్దాలేసుకున్నోడు కాదు.

చేలో యూరియా వేరు, బండి యూరియా వేరు

కొన్ని బళ్ళకి డీజిల్ మూత పక్కన నీలం మూత ఉంటది. అది డెఫ్ ట్యాంకు. యాడ్‌బ్లూ అంటారు కొంతమంది. దాంట్లో 32.5 శాతం యూరియా, మిగతాది ఉప్పూ సున్నం లేకుండా శుద్ధి చేసిన నీళ్ళు. పొగలో ఉండే నైట్రోజన్ విషవాయువుని అది విరగ్గొడుతుంది. అన్ని పికప్పులకీ ఇది ఉండదు, మీ బండికి ఉందో లేదో కొనేముందే చూసుకోండి.

యూరియా అన్న మాట వినగానే మనోళ్ళకి ఇంట్లో బస్తా గుర్తొస్తది. 45 కేజీల బస్తా పడి ఉంది, బిందె నీళ్ళలో కలిపితే సరిపోద్ది కదా అని. సరిపోదు. 2015 నుంచి మనకొచ్చే యూరియా అంతా వేప నూనె పూసినదే. ఆ నూనె, బోరు నీళ్ళలో ఉప్పు, పంపుని, ఇంజెక్టరుని, లోపలి గుండెకాయలాంటి భాగాన్ని తినేస్తాయి. డబ్బా కొంటే వందల్లో పోయేది, రిపేరొస్తే వేలు దాటి లక్ష దాకా పోవచ్చు. పైగా రైతు సబ్సిడీ యూరియాని వేరే పనికి వాడటం నేరం. నాట్లప్పుడు సొసైటీ దగ్గర చెప్పులు వరుసలో పెట్టి నిలబడేది మన అమ్మానాన్నలే, ఆ బస్తా చేలోకే పోవాలి.

డెఫ్ డీజిల్లో నూటికి మూడు నుంచి ఆరు పాళ్ళు అవుద్ది. హైదరాబాద్ పోయిరావడానికి 50 లీటర్ల డీజిల్ అయితే రెండు మూడు లీటర్లు అనుకోండి. మూత మీద సీలున్న డబ్బానే కొనండి. డీజిల్ ట్యాంకులో డెఫ్ గానీ, డెఫ్ ట్యాంకులో డీజిల్ గానీ పొరపాటున పోస్తే తాళం తిప్పొద్దు. తిప్పకుండా ఫోన్ చేయండి.

లోడు ఎంత, ఎక్కేది ఎవరు

మనోళ్ళు బండి బలాన్ని స్ప్రింగు వంగేదాన్ని బట్టి చూస్తారు. చట్టం ఆర్సీలో రాసిన బరువుని బట్టి చూస్తది. 2019లో మారిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఓవర్‌లోడ్‌కి 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకి 2,000. జరిమానా కంటే బ్రేకు ముఖ్యం. బరువు పెరిగితే ఆగే దూరం పెరుగుద్ది, టైరు వేడెక్కుద్ది. నాలుగు వరసల హైవే మీద సరుకు బళ్ళకి గంటకి 80 కిలోమీటర్లే హద్దు. అది ఖాళీ రోడ్డుకి కూడా వర్తిస్తది.

లైసెన్స్ గురించి చాలామంది భయపెడతారు. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది: ఎల్‌ఎంవీ లైసెన్స్ ఉన్నవాళ్ళు 7,500 కిలోల లోపు రవాణా బండి కూడా నడపొచ్చు. దీని మీద బ్రోకరుకి డబ్బులివ్వకండి.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. నాట్లకి ఆడకూలీలని, పెళ్ళికి చుట్టాలని పికప్ వెనక ఎక్కిస్తాం. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికుల బాధ్యత ఇన్సూరెన్స్ కంపెనీది కాదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. సరుకుతో పాటు వచ్చే సరుకు యజమానికి రక్షణ ఉంది, వెనక నిలబడ్డ ఇరవై మందికి లేదు. బండి బోల్తాపడితే ఆ తల్లులకి న్యాయం ఆలస్యమవుద్ది, భారం నీ ఇంటి మీద పడుద్ది. కూలీలకి బస్సు, ఆటో కిరాయి రైతు ఇవ్వాలని అడగడమే సరైన దారి.

లెక్కలో రాయని ఖర్చు

ఇప్పుడు అసలు సంగతి. ఒక పండ్ల లోడు తీసుకుని చల్లపల్లి నుంచి బాటసింగారం మార్కెట్‌కి పోవాలనుకోండి. కూచిపూడి, పామర్రు, ఉయ్యూరు, బెజవాడ, అక్కణ్ణుంచి 65 హైవే. సుమారు 300 కిలోమీటర్లు. పొద్దున ఐదింటికి లేచి లోకల్ కిరాయిలు తిరిగాడు. సాయంత్రం లంకలో లోడు ఎత్తించాడు. రాత్రి ఎనిమిదింటికి బయల్దేరాడు. పదింటికి ఇబ్రహీంపట్నం దాటేసరికి వాడు లేచి 17 గంటలు. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చురుకుతనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషితో సమానమని పరిశోధనల్లో తేలింది. మన చట్టంలో హద్దు 30. అంటే చుక్క ముట్టుకోని కుర్రోడు, తాగినోడిలా నడుపుతున్నాడు. ఇంకా చిల్లకల్లు రాలేదు, కోదాడ, సూర్యాపేట ఉన్నాయి. అక్కడికి చేరేసరికి తెల్లారుజాము. దించి, పట్టీ రాయించుకుని, వెనక్కి తిరిగేసరికి 28 గంటలు దాటిపోద్ది.

80 వేగంలో బండి సెకనుకి 22 మీటర్లు పోద్ది. మూడు సెకన్లు కన్ను మూతపడితే 66 మీటర్లు బండిని ఎవరూ నడపడంలేదు. ముందు లైట్లు లేకుండా ఆగిన లారీ ఉంటే, అంతే.

జల్లెడ నిండితే బండికి లైటు వెలుగుద్ది. డెఫ్ అయిపోవస్తే వెలుగుద్ది. ఆయిల్ తగ్గితే వెలుగుద్ది. నిద్ర నిండితే మనిషికి ఏ లైటూ వెలగదు. ఆవలింతలు, రెప్పలు బరువెక్కడం, దాటిన ఊరు గుర్తులేకపోవడం - ఇవే లైట్లు. టీ తాగితే పని చేయడానికే ఇరవై నిమిషాలు పడుద్ది. టీ తాగి, బండి పక్కకి తీసి, ఆ ఇరవై నిమిషాలు పడుకోవాలి. రాత్రి రెండు నుంచి ఐదు దాకా అసలు నడపకుండా ఉండటం మేలు.

"తెలుసన్నా, కానీ వాయిదా ఉంది" అంటారు. ఉదాహరణకి చూద్దాం. రానూపోనూ 600 కిలోమీటర్లు, లీటరుకి 12 వస్తే 50 లీటర్లు. లీటరు వంద అనుకుంటే 5,000. వాయిదా 18,000, నెలకి 12 ట్రిప్పులైతే ఒక్కోదానికి 1,500. టోలు, టైర్ల అరుగుదల, సర్వీసు, ఖాళీగా వెనక్కి రావడం. 2025 ఆగస్టులో 3,000 రూపాయలకి మొదలైన టోల్ పాస్ సొంత కార్లకే, పసుపు నెంబరు ప్లేటుకి రాదు. ఈ లెక్క రాసిన ప్రతి కాగితంలోనూ ఒక వరస ఉండదు: డ్రైవర్ కూలీ. ఓనరే డ్రైవర్ కాబట్టి వాడి రెండు పగళ్ళు, ఒక రాత్రి ఉచితం. కిరాయి మాట్లాడేవాడు ఆ ఉచితాన్నే కొనుక్కుంటున్నాడు.

1961 మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవర్‌కి రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అని రాసింది. కొట్లాడి తెచ్చుకున్న హక్కు అది. కానీ ఐదుగురు పనిచేసే సంస్థ ఉంటేనే వర్తించేది. ఒక్క బండి, ఒక్క మనిషి ఉన్నచోట ఆ హక్కు లేదు. ఓనర్ అన్న పేరు ఇచ్చి కార్మికుడి హక్కు తీసేసుకున్నారు.

అందుకని ఊరికి పది బళ్ళున్న చోట పదిమందీ కూర్చోండి. కిలోమీటరుకి ఇంతకంటే తక్కువకి పోం అని ఒక మాట మీదికి రండి, అందులో డ్రైవర్ కూలీ కలపండి. దూరం ట్రిప్పుకి ఇద్దరు పోండి, ఒకరి బండిలో ఒకరు. మార్కెట్ యార్డులో పడుకోడానికి గది, స్నానానికి నీళ్ళు అడగండి, యార్డు సెస్సు కట్టే సరుకు తెస్తున్నది మీరే. కంపెనీని తెలుగు పుస్తకం అడగండి.

ఈలోగా ఈ రాత్రి బయల్దేరేవాళ్ళు నాలుగు చూసుకోండి: టైర్లలో గాలి, డెఫ్ ముల్లు, ఆర్సీలో రాసిన బరువు, పొద్దున ఎన్నింటికి లేచారన్నది. నాలుగోది తేడాగా ఉంటే లోడు పార్టీకి ఫోన్ చేసి, తెల్లారి బయల్దేరతానని చెప్పండి.