బైక్‌ను లేపాల్సింది చేతులతో కాదు, కాలితో

ఆదివారం పొద్దున ఇంటి ముందే బండి కడిగి, చైన్‌కు ఆయిల్ వేసుకునేవారు మనలో చాలామందే ఉన్నారు. మెకానిక్‌కు ఇచ్చే డబ్బులు మిగులుతాయి, మంచిదే. కానీ బండిని స్టాండ్ ఎక్కించడం సరిగా రాకపోతే ఆ మిగిలిన డబ్బులు డాక్టర్‌కు పోతాయి. తేలిక బండి అనుకునే స్ప్లెండరే 110 కిలోలకు పైగా ఉంటుంది. ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 అయితే దాదాపు 195 కిలోలు. అంత బరువును వంగి గుంజితే నడుము పట్టేయడం ఖాయం.

ముందు చోటు చూసుకోవాలి. గల్లీల్లో గేటు ముందు వాలుగా కట్టిన ర్యాంప్ మీద ఈ పని పెట్టుకోవద్దు. మట్టి నేలలో స్టాండ్ దిగబడుతుంది కాబట్టి కింద మందపాటి చెక్క వేయాలి.

ఇక డబుల్ స్టాండ్. గేర్ న్యూట్రల్‌లో ఉంచి బండికి ఎడమ పక్కన నిలబడాలి. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద, కుడి చెయ్యి సీటు వెనక రాడ్ మీద ఉండాలి. కుడి కాలితో స్టాండ్‌ను దించి, బండిని నిటారుగా పెట్టి అటూ ఇటూ కొద్దిగా ఊపితే స్టాండ్ రెండు కాళ్లూ నేలకు తగిలినట్టు తెలుస్తుంది. అసలు కిటుకు ఇదే. ఒక్క కాలే తగిలితే బండి అవతలికి ఒరిగిపోతుంది. రెండూ తగిలాక ఒంటి బరువంతా కుడి కాలి మీద వేసి తొక్కండి, బండి తనంతట తానే ఎక్కుతుంది. చేతులు దారి చూపించడానికే. ముందు బ్రేక్ మాత్రం పట్టుకోవద్దు. ఎక్కేటప్పుడు బండి కాస్త వెనక్కి జరగాలి కదా! ఎక్కాక అదే బ్రేక్ లివర్‌ను గుడ్డతో బిగించి కడితే బండి ముందుకు జారి స్టాండ్ దిగిపోదు.

డబుల్ స్టాండ్ లేని బండ్లకు వెనక నుంచి పెట్టే ప్యాడాక్ స్టాండ్ దొరుకుతుంది. ఇద్దరుంటేనే వాడండి. ఒకరు బండిని నిటారుగా పట్టుకోవాలి, ఇంకొకరు స్టాండ్ తొక్కాలి. చాలామంది ఇంజిన్ కింద ఇటుకలు పేరుస్తారు. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, పానా పెట్టి నట్టు మీద బలంగా తిప్పగానే ఇటుక పగులుతుంది. దాంతో పాటు ఇంజిన్ కేసింగ్ కూడా.

బండిని లేపాక జరిగే ఘోరం ఇంకొకటుంది. ఇంజిన్ స్టార్ట్ చేసి, గేర్ వేసి, తిరిగే చైన్‌కు గుడ్డ పట్టడం. గుడ్డ పళ్ల చక్రంలో చిక్కితే వేలు కూడా దాంతో పాటే పోతుంది. తాళం తీసి జేబులో వేసుకుని, చక్రాన్ని చేత్తోనే తిప్పుతూ బ్రష్‌తో తుడవండి. పిల్లల్ని లోపలికి పంపేయండి, సైలెన్సర్ చాలాసేపు వేడిగానే ఉంటుంది. ఒకవేళ బండి పడిపోతుంటే ఆపబోకుండా పక్కకు తప్పుకోండి. ఇండికేటర్ కొత్తది దొరుకుతుంది, విరిగిన కాలు అతకడానికి నెలలు పడుతుంది.

దించేటప్పుడు ముందుగా సైడ్ స్టాండ్ వేసి, బ్రేక్‌కు కట్టిన గుడ్డ విప్పి, చెయ్యి బ్రేక్ మీదే ఉంచి బండిని మెల్లగా ముందుకు తోయాలి.