కారు ఏసీ నీళ్లు కాళ్ల కిందికి వస్తే: అపోహలు – వాస్తవాలు

జూన్‌లో నాలుగు వానలు పడ్డాక మెదక్ నుంచి నర్సాపూర్ అడవి మీదుగా హైదరాబాద్ వెళ్తుంటారు. ఏసీ నడుస్తూ ఉంటుంది. ఎడమ పక్క ముందు సీట్లో కూర్చున్నవారి పాదాలకు చల్లగా తడి తగులుతుంది. మలుపు తిరిగితే డాష్‌బోర్డు లోపల నీళ్లు కదిలిన చప్పుడు, బ్రేకు వేస్తే దోసెడు నీళ్లు మ్యాట్ మీద. ఆ రోజు నుంచే సలహాలు మొదలవుతాయి. వాటిలో కొన్ని జేబుకు చేటు, ఒకటి రెండు ప్రాణానికే చేటు.

అపోహ: “గ్యాస్ లీకయితున్నది. గ్యాస్ నింపితె ఆగిపోతది.”

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు వదిలించే మాట ఇదే. మన రోడ్ల మీద తిరిగే చాలా కార్ల ఏసీల్లో ఉండేది ఆర్-134ఏ అనే గ్యాస్. బయటి గాలిలోకి వస్తే మైనస్ 26 డిగ్రీల దగ్గరే అది మరిగి ఆవిరైపోతుంది. మెదక్ ఎండలో అది మ్యాట్ మీద మడుగు కట్టడం జరగని పని. కాళ్ల కింద చేరినవి గాలిలోని నీళ్లు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు బయట చెమట పట్టినట్టే డాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్‌కూ పడుతుంది. అసలు ఏసీ పుట్టిందే ఈ పని కోసం. 1902లో విల్లిస్ క్యారియర్ దాన్ని రూపొందించింది న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయానికి. గాలిలో తేమ పెరిగితే అక్కడ కాగితం సాగి, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేవి కావు. చల్లదనం కన్నా ముందు వాళ్లు కోరింది తేమ తీసేయడమే.

కాయిల్ తీసే నీళ్లు చిన్న మొత్తం కాదు. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న వానాకాలపు గాలిలో ఘనపు మీటరుకు దాదాపు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. దాన్ని 5 డిగ్రీలకు చల్లబరిస్తే 7 గ్రాములే నిలుస్తాయి, మిగతా 17 గ్రాములు నీళ్లై కారిపోతాయి. ఆ నీళ్లు కాయిల్ కింది తొట్టెలో చేరి, చిటికెనవేలంత లావుండే డ్రెయిన్ పైపులోంచి రోడ్డు మీద పడాలి. పైపు మూసుకుంటే తొట్టె నిండి లోపలికి పొర్లుతుంది. చాలామటుకు జరిగేది ఇంతే. గ్యాస్ నింపినా ఆ పైపు తెరుచుకోదు.

అయితే ఈ అపోహలో ఒక చిన్న నిజం లేకపోలేదు. గ్యాస్ నిజంగానే తగ్గిపోయినా, క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో పూడుకుపోయినా కాయిల్ మీద మంచు గడ్డ కడుతుంది. ముందు గాలి తగ్గిపోతుంది, కారు ఆపాక ఆ గడ్డ కరిగి ఒక్కసారిగా నీళ్లు దిగుతాయి. అలాంటప్పుడు మొదట ఫిల్టర్ చూడాలి, తర్వాత మీటరు పెట్టి ప్రెషర్ చూడాలి. తక్కువుంటే ఎక్కడ లీకైందో కనిపెట్టాకే నింపించాలి. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన పైపుల్లో అదే తిరుగుతుంటుంది. లీకు కట్టకుండా నింపిందంతా మళ్లీ గాలిలో కలుస్తుంది. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా బలమైనది.

అపోహ: “కారు కింద చుక్కలు పడుతున్నయంటే ఏసీ పాడైనట్టే.”

పూర్తిగా తలకిందుల మాట. వానాకాలంలో పది పదిహేను నిమిషాలు ఏసీ నడిచాక కారు కింద ధారగా చుక్కలు పడుతుంటే అంతా బాగున్నట్టు. అవి పడకపోతేనే అనుమానించాలి. మే నెలలో మాత్రం ఈ లెక్క పనిచేయదు. 42 డిగ్రీల ఎండలో, 20 శాతం తేమలో ఘనపు మీటరుకు నాలుగు గ్రాముల నీళ్లు రావడమే ఎక్కువ.

మన ప్రాంతంలో ఈ జబ్బు జూన్, జూలైల్లోనే బయటపడటానికి కారణం ఇక్కడుంది. పైపు పూడుకుపోవడం మొదలయ్యేది అంతకు ముందే, యాసంగి కోతల్లో. ఘనపూర్ ఆనకట్ట కింద మంజీరా నీళ్లు పారే వరి పొలాల్లో ఏప్రిల్, మే నెలల్లో హార్వెస్టర్లు దిగుతాయి. వడ్లు రోడ్ల మీద ఆరబోస్తారు. పొట్టు, నూగు, ఎర్ర దుమ్ము గాలిలో తేలుతూ అద్దం కింద వైపర్ల దగ్గరున్న జాలీలోంచి లోపలికి పోతాయి. ఎండ పడకుండా చింతచెట్టు కింద బండి పెడితే ఆ సన్నటి ఆకులు కూడా అదే దారి పడతాయి. క్యాబిన్ ఫిల్టర్ లేని పాత బండ్లలోనూ, ఫిల్టర్ సరిగ్గా కూర్చోని బండ్లలోనూ ఇదంతా నేరుగా కాయిల్‌కు అంటుకుంటుంది. ఎండాకాలమంతా నీళ్లు తక్కువ కాబట్టి ఎవరికీ తెలియదు. తొలకరితో తేమ పెరగ్గానే నీళ్లు నాలుగింతలవుతాయి, తడిసిన పొట్టు పైపు మూతి దగ్గర ముద్ద కడుతుంది. వారాల తరబడి కదలని కార్లలో మట్టితో గూడు కట్టే కందిరీగలు కూడా ఆ పైపు మూతిని ఎంచుకుంటాయి.

కాబట్టి డ్రెయిన్ పైపు చూపించుకోవలసింది కోతలు ముగిసి వానలు మొదలయ్యే నడుమ రోజుల్లో. వర్షాకాలం పంట కోతలయ్యాక నవంబరులో ఫిల్టర్ ఒకసారి దులిపించాలి. సర్వీసింగ్‌లో ఈ పైపు సంగతి చాలాచోట్ల ఎత్తరు. మనమే అడగాలి.

అపోహ: “కంప్రెసర్ గాలి గట్టిగ కొడితె, లేకుంటె తీగ పెట్టి పొడిస్తె సాఫయితది.”

సాఫయితే అవుతుంది, దానితోపాటు ఇంకేదైనా ఊడవచ్చు. టైర్లకు కొట్టే జోరులో గాలి వదిలితే లోపల తొట్టెకు తగిలించిన పైపు ఊడిపోతుంది. అప్పుడు నీళ్లన్నీ శాశ్వతంగా కారులోకే. ఇనుప తీగ ఇంకా ప్రమాదం. కూలింగ్ కాయిల్ పలుచని అల్యూమినియం, ఒక్క పోటుకు చిల్లి పడుతుంది. దాన్ని మార్చాలంటే చాలా కార్లలో డాష్‌బోర్డు మొత్తం విప్పాలి. అప్పటిదాకా లేని గ్యాస్ లీకు అప్పుడు నిజంగానే వస్తుంది.

మెత్తటి నైలాన్ దారం, గడ్డి కోసే మిషన్‌లో వాడేలాంటిది, కొన గుండ్రంగా చేసి కింది నుంచి నెమ్మదిగా తోస్తే చాలు. లేదా వ్యాక్యూమ్‌తో కింది నుంచి పీల్చాలి. గాలే కొట్టాలంటే తక్కువ ప్రెషర్‌లో, విడతలు విడతలుగా. పైపు మూతి చాలా కార్లలో ఇంజన్‌కూ క్యాబిన్‌కూ నడుమ గోడ కింద, ఎడమ వైపు ఉంటుంది. ముఖం దానికి సూటిగా పెట్టకండి, తెరుచుకోగానే మురికి నీళ్లు జోరుగా దిగుతాయి. ఉత్త జాకీ మీద లేపిన కారు కిందికి మాత్రం ఎవరూ దూరవద్దు, ఎవరినీ దూరనివ్వవద్దు. జాకీ టైరు మార్చుకోవడానికే. ర్యాంపు గానీ స్టాండ్లు గానీ లేకపోతే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. వారంటీలో ఉన్న బండి అయితే సొంతంగా చెయ్యి పెట్టకుండా కంపెనీ సర్వీసుకు చూపించండి.

అపోహ: “లోపల తడి అంటె ఏసీ నీళ్లే.”

తెల్ల టిష్యూ కాగితంతో అద్ది చూడండి. రంగు, వాసన, జిగట లేకపోతే ఏసీ నీళ్లు. పచ్చగానో గులాబీగానో ఉండి, వేళ్లకు జిడ్డుగా అంటి, తియ్యటి వాసన వస్తే అది హీటర్ కాయిల్ నుంచి కారే కూలెంట్. ముందు అద్దం లోపలివైపు జిడ్డు పొర పట్టడం దాని ఇంకో గుర్తు. కొందరు రుచి చూసి చెబుతామంటారు. దయచేసి ఆ పని చేయకండి, చేయనివ్వకండి. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. తియ్యగా ఉంటుంది కాబట్టి పిల్లలకూ కుక్కలకూ మరీ ప్రమాదం. కూలెంట్ తగ్గితే ఇంజన్ కూడా వేడెక్కి చెడుతుంది.

ఏసీ వేయకపోయినా వాన పడ్డ రాత్రి తర్వాత తడి కనిపిస్తే అది వాన నీరు. వైపర్ల కింద నీళ్లు పోయే కంతలు ఆకులతో పూడుకున్నాయో, తలుపు రబ్బరు చెడిందో, సన్‌రూఫ్ ఉంటే దాని సన్నటి పైపులు మూసుకున్నాయో చూడాలి. ఏసీ ఆపేసి అద్దం కింద మగ్గుతో నెమ్మదిగా నీళ్లు పోస్తే సంగతి తేలుతుంది.

అపోహ: “నీళ్లే గద, ఎండకు ఆరిపోతయ్.”

పైన కార్పెట్ ఆరుతుంది. దాని కింద మందపాటి ఫోమ్ రోజుల తరబడి నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది. బూజు అక్కడే, తుప్పు అక్కడే. చాలా కార్లలో వైర్ల కట్టలు కార్పెట్ కిందుగానే పోతాయి. సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు ఉంటే అవి ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టులవి. వాటిని ఊడదీసి తుడవడం నేర్చిన చేతులు చేయాల్సిన పని. కార్పెట్ లేపి, ఫోమ్ పిండి, విడిగా ఎండబెట్టించండి. పైపు బాగయ్యాక లోపలి గాలే తిరిగే మీటతో ఏసీ నడిపితే మిగిలిన తేమను అదే లాగేస్తుంది. ముక్క వాసనకు సెంటు డబ్బాలు కొనడం దండుగ. ఇల్లు చేరే రెండు మూడు నిమిషాల ముందు ఏసీ ఆపి బ్లోయర్ ఒక్కటే నడిపితే కాయిల్ ఆరి, వాసన తగ్గుతుంది.

సెకండ్‌హ్యాండ్ కారు కొనేవారితో “ఏసీ నీళ్లే అన్నా, చిన్న పని” అనేవారుంటారు. 2025 ఆగస్టు చివర్లో మెదక్, కామారెడ్డి జిల్లాల మీద కుండపోత కురిసి రోడ్లు తెగాయి, ఊళ్లు మునిగాయి. అలా నీట మునిగిన కారు కూడా కార్పెట్ తడిగానే కనిపిస్తుంది. ముందు సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, చుట్టలో దాగే భాగం మీద బురద గీత ఉందేమో. స్టెప్నీ టైరు తీసి దాని గుంటలో ఒండ్రు వెతకండి. సీట్ల పట్టాలకు తుప్పు పట్టి ఉంటే ధర మాట్లాడటం అక్కడితో ఆపేయండి.