ఇంట నుండు తండ్రి

తండ్రి పనికి పోవును, తల్లి యింట బిడ్డను పెంచును అని మీరు వినియుందురు. తల్లి యుద్యోగమునకు పోగా, తండ్రి యింట నుండి బిడ్డను సాకు కుటుంబములును నేడు గలవు.

ఉత్తర ఐరోపాలోని స్వీడన్ దేశమున నిది వింత గాదు. అచ్చట 1974లో, తల్లులకే యున్న ప్రసూతి సెలవును తలిదండ్రుల సెలవుగా మార్చి, 180 దినములను ఇరువురును పంచుకొనవచ్చునని శాసనము చేసిరి. అయినను పెక్కుమంది తండ్రులు తమ భాగమును తల్లులకే వదలివేయుచుండిరి. అందుచే 1995లో తల్లికొక నెల, తండ్రికొక నెల ప్రత్యేకించిరి. వాడుకొనని నెల మురిగిపోవును. ఉపాయము ఫలించెను. 2016 నుండి ఈ ప్రత్యేక భాగము 90 దినములు. మొత్తము సెలవు ఒక్కొక్క బిడ్డకు 480 దినములు. అందు 390 దినములకు జీతములో నూటికి సుమారు 80 వంతులు, ఒక పరిమితికి లోబడి, లభించును. మన కేంద్ర ప్రభుత్వోద్యోగియైన తండ్రికి ప్రసవసమయమున లభించు సెలవు 15 దినములు.

నా కుమారుడు స్టాక్‌హోం నగరమున నుద్యోగి. కోడలు తిరిగి పనిలో చేరగా, తొమ్మిది నెలల పిల్లను అతడే చూచుకొనెను. ఆ దినములలో కొన్ని వారములు నేనచ్చట నుంటిని. జావ కాచి చల్లార్చుట, బట్టలు మార్చుట, ఇల్లు తుడుచుట; ఒక పని ముగియకమున్నే మఱియొకటి. ఆకలి యేడ్పునకును నిద్ర యేడ్పునకును గల భేదము మొదట అతనికి తెలియలేదు. నిద్రకై యేడ్చు పిల్లకు జావ పట్టెడివాడు, అది ఉమిసెడిది. మూడవ వారమునకు వంటింటినుండియే విని చెప్పగలిగెను. ఇది తల్లికి పుట్టుకతో వచ్చు విద్య యని నేను తలచియుంటిని. పొరపాటు.

అన్నిటికంటె కష్టమైనది ఒంటరితనము. పగలెల్ల మాటలాడుటకు పెద్దవా రుండరు. ఇందులకై అచ్చటి ఊళ్ళలో, తలిదండ్రులు పసిబిడ్డలతో వచ్చి కూర్చుండుటకు రుసుము లేని బాలకేంద్రములు గలవు. అందు తండ్రులు నేలపై కూర్చుండి, పండ్లు మొలచుటను గూర్చియు, జ్వరములను గూర్చియు ముచ్చటించుకొనుచుండిరి. బిడ్డను వెచ్చగా కప్పి, చలికాలమునందును తోపుడుబండిలో ఆరుబయట నిద్రపుచ్చుట ఆ దేశపు ఆచారము. నాకు భయము వేసెను. పిల్ల మాత్రము హాయిగా నిద్రించెను.

మా బావమరది ఫోనులో, “ఏమిరా, మగవాడవై యింట కూర్చుంటివా?” అని యెత్తిపొడిచెను. “కూర్చుండుటకు తీరిక యెక్కడిది మామయ్యా!” అని నా కుమారుడు నవ్వెను.

ఒకనాటి రాత్రి పిల్లకు జ్వరము తగిలెను. నేనెత్తుకొనబోగా నన్ను త్రోసివేసి తండ్రి మెడను కౌగిలించుకొనెను. ముప్పదియేండ్లు ఇతరుల బిడ్డలకు పాఠములు చెప్పిన నేను, నా కుమారునకు ఒకనాడైనను నీళ్ళు పోసి యెఱుగను. అతడు తెల్లవారువఱకు పిల్లను భుజముపై వేసికొని గదిలో తిరుగుచుండెను. నేను దీపము తగ్గించి, వేడినీళ్ళు కాచి యిచ్చితిని.