వార్తల్లో పదం: గ్రోత్ ఫ్యాక్టర్

మధుమేహుల కాలి పుండ్ల గురించిన వార్తల్లో ఈ మాట తరచూ వినిపిస్తోంది. పెరగమని, కదలమని కణాలు ఒకదానికొకటి పంపుకునే ప్రోటీన్ కబురే గ్రోత్ ఫ్యాక్టర్.

కూర తరుగుతుంటే వేలు తెగిందనుకోండి. రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లే తొలి కబురు పంపుతాయి. తెల్లకణాలు వచ్చి సూక్ష్మజీవులను, చచ్చిన కణాలను ఊడ్చేస్తాయి. తర్వాత ఈ ప్రోటీన్ చర్మకణం పైనున్న రిసెప్టర్‌లో తాళంలో తాళంచెవిలా ఇమిడిపోతుంది. ఆ ఆదేశం కణకేంద్రకం దాకా వెళ్తుంది. అంచుల నుంచి కొత్త చర్మం పాకుతూ వచ్చి గాయాన్ని మూసేస్తుంది.

మొండి పుండులో వాపు తగ్గదు. అక్కడ పేరుకున్న ఎంజైములు ఈ ప్రోటీన్లను ముక్కలు చేస్తాయి, కబురు మధ్యలోనే తెగిపోతుంది. అందుకే ఆ ప్రోటీన్లను బయటి నుంచి అందిస్తారు. 53 అమైనో ఆమ్లాలున్న ఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్‌ను కనుగొన్న స్టాన్లీ కోహెన్ 1986 నోబెల్‌ను పంచుకున్నారు. అదే ప్రోటీన్‌ను హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ రీజెన్-డి అనే జెల్‌గా తెచ్చింది.

జెల్ ఒక్కటే చాలదు. చచ్చిన కండ తీసేయాలి, చక్కెర అదుపులో ఉండాలి, ఆ పాదంపై బరువు పడకూడదు. పుండు చోట క్యాన్సర్ ఉంటే వాడకూడదు. ఎక్కడున్నా, మధుమేహం ఉన్నవారు రోజూ అరికాళ్లు చూసుకోవాలి. స్పర్శ తగ్గిన పాదానికి ముల్లు దిగినా తెలియదు.